పిడి సరిపోలేదు

నేను ముప్పయ్యారేళ్ళు సాయుధ పోలీసు విభాగంలో పనిచేశాను. అందులో ఎక్కువ భాగం ఆర్మరీలోనూ, ఫైరింగ్ రేంజిలోనూ గడిచింది. తుపాకులు శుభ్రం చేయడం, పాడైనవి బాగుచేయడం, కొత్తగా చేరిన ఆడపిల్లలకు కాల్చడం నేర్పడం నా పని. చివరి ఏళ్ళలో ఆత్మరక్షణ కోసం లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకున్న మామూలు జనానికి శిక్షణ ఇచ్చి, వాళ్ళ కాగితం మీద రాసి సంతకం పెట్టేదాన్ని. పదోన్నతుల సంగతి ఇక్కడ రాయను. రావలసినప్పుడు రాలేదు. ఎవరివల్ల రాలేదో తేదీలతో సహా నా దగ్గరుంది. అది రాస్తే ఇంకో పుస్తకమవుతుంది.

ఇది రేంజిలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిల కోసం. ముఖ్యంగా నాలాగ పొట్టిగా, సన్నగా ఉండి, చేతికి తుపాకి ఇవ్వగానే పక్కనున్న మగవాళ్ళు నవ్వు ఆపుకోవడం చూసినవాళ్ళ కోసం.

నాది కొయ్యూరు. నాన్న మిషన్ బడిలో మాస్టారు. నాకు సువార్త అని పేరు పెట్టి, నర్సునవుతానని ఎదురుచూశాడు. నేను పోలీసు ఎంపికకు వెళ్ళాను. ఎత్తు కొలిచే కర్ర కింద నిలబడితే నా నెత్తికీ కర్రకీ మధ్య కాగితం దూరేంత సందు కూడా లేదు. అయినా కొలిచినాయన నన్ను రెండుసార్లు కొలిచాడు. నాకు ముందున్న అమ్మాయిని ఒక్కసారే కొలిచాడు.

బెదురు

శిక్షణలో మొదటి సంవత్సరం మాకు పిస్టలు నేర్పినాయన రిజర్వు సబిన్‌స్పెక్టరు సన్యాసిరావు. మనిషి ఆరడుగులు. చెయ్యి చాటంత. ఆయన మాకిచ్చిన పిస్టలు పిడిలో తూటాలు రెండు వరసలుగా ఉంటాయి కాబట్టి పిడి లావు. నేను సరిగ్గా పట్టుకుంటే నా చూపుడువేలు ట్రిగ్గరు దాకా రాదు. వేలు అందించాలంటే తుపాకిని గుప్పిట్లో పక్కకు తిప్పుకోవాలి. అలా తిప్పుకుని కాలిస్తే వెనక్కి కొట్టే దెబ్బంతా బొటనవేలి మొదట్లో తగులుతుంది. నాలుగు రౌండ్లకే అక్కడ నల్లగా కమిలింది. తరవాత నుంచి, ఆ దెబ్బ వస్తుందని తెలిసి, చెయ్యి ముందే ముడుచుకోవడం మొదలుపెట్టింది. గుళ్ళన్నీ టార్గెట్‌కి ఎడమవైపు మట్టిలో పడ్డాయి.

"ఏటే గుంటా, పేలకముందే ఒణికిపోతన్నావు?" అన్నాడు సన్యాసిరావు.

"వణకట్లేదు సార్. వేలు అందట్లేదు."

"అందకపోతే ఏలు సాగదీసుకో. బేగి కానీ, ఎనకాల ఇరవైమందున్నారు."

ఇరవైమందీ నవ్వారు. అందులో ముగ్గురి పేర్లు ఇప్పటికీ చెప్పగలను. ఆయన నా శిక్షణ కాగితం మీద ఒక్క మాట రాశాడు: "బెదురు." రేంజి భాషలో బెదురంటే తుపాకి పేలకముందే ఒళ్ళు ఉలిక్కిపడడం. ఆ మాట ఎవరి కాగితం మీద పడితే వాళ్ళను ఇక తుపాకి పట్టే పనికి పంపరు. నన్ను ఆర్మరీలో నూనె గుడ్డ పట్టుకుని కూర్చోబెట్టారు. అక్కడికి ఇచ్చిన బూట్లు కూడా మగవాళ్ళవే. ముందు భాగంలో గుడ్డలు కుక్కుకుని వేసుకున్నాను. నా పాదాల సైజు బూట్ల కోసం పెట్టిన అర్జీకి జవాబు ఎన్నడూ రాలేదు.

పదకొండేళ్ళు ఆ ఆర్మరీలో ఉన్నాను. వచ్చిన ప్రతి తుపాకినీ విప్పి, తిరిగి బిగించి, నా చేతిలో పెట్టి చూసుకున్నాను. ఏది నాకు సరిపోతుందో, ఏది సరిపోదో, ఎందుకు సరిపోదో అక్కడే నేర్చుకున్నాను. సన్యాసిరావు నన్ను శిక్షించాననుకున్నాడు. జరిగింది వేరు. అందుకు ఆయనకు కృతజ్ఞత చెప్పే ఉద్దేశం నాకు లేదు.

చేతిని అడగండి

ఆ పదకొండేళ్ళలో తెలిసింది మీకు ఇక్కడ చెప్తాను. సన్నగా ఉన్న ఆడమనిషి వచ్చి "నాకు ఏ తుపాకి మంచిది మేడమ్?" అని అడిగితే, అందరూ ముందు చిన్నది చూపిస్తారు. చిన్న మనిషికి చిన్న తుపాకి అనుకుంటారు. చాలాసార్లు అది తప్పు. తుపాకి ఎంత తేలికైతే అంత ఎగురుతుంది. పర్సులో పట్టేంత చిన్నది చేతిలో నిలవదు. కాస్త బరువున్న ఉక్కు తుపాకి ఆ దెబ్బలో సగం తనే మింగుతుంది.

మొదట చూడవలసింది వేలు. తుపాకి గొట్టం ముంజేతి ఎముకతో ఒకే గీతలో ఉండాలి. అలా పట్టుకున్నప్పుడు చూపుడువేలి మొదటి గణుపు ముందరి మెత్తని భాగం ట్రిగ్గరు మీద ఆనాలి. ఆనకపోతే ఆ తుపాకి ఆ మనిషిది కాదు, ఎంత ఖరీదైనదైనా సరే.

రెండోది బలం. పిస్టలైతే పైనున్న స్లైడును వెనక్కి లాగాలి. ఆడవాళ్ళకు అది రాదంటారు. ఒక చేత్తో లాగమంటే ఎవరికైనా కష్టమే. తుపాకిని గుండె దగ్గరకు తెచ్చుకుని, ఒక చెయ్యి ముందుకు నెడుతూ, రెండోది వెనక్కి లాగితే నలభై కిలోల మనిషికి కూడా వస్తుంది. నాకు వచ్చింది. రివాల్వరుకి లాగే పని లేదు, కానీ ప్రతి గుండుకీ ట్రిగ్గరు బరువుగా, చాలా దూరం నొక్కాలి. పొట్టి వేలికి ఆ దూరమే కష్టం.

మూడోది, అది ఒంటి మీద ఎక్కడుంటుంది? మగవాడి నడుముకి కుట్టిన బెల్టు మన నడుముకి కడితే పిస్టలు పిడి డొక్కలో గుచ్చుకుంటుంది. జీపులో రెండు గంటలు కూర్చుంటే తెలుస్తుంది. చేతిసంచిలో పెడితే సంచి లాక్కుపోయినవాడి చేతికి తుపాకి కూడా ఇచ్చినట్టే. ఇంట్లో పిల్లలుంటే తాళం వేసే పెట్టె లేకుండా తుపాకి కొనకూడదు. ఈ మూడింటికీ జవాబు లేనివాళ్ళను తిప్పి పంపేశాను. నా దగ్గరకు వచ్చినవాళ్ళలో చాలామందికి తలుపుకి గట్టి గడియ, పక్కింటివాళ్ళతో మంచి మాట చాలు. అలా చెప్పినందుకు నా మీద పైకి ఫిర్యాదులు వెళ్ళాయి. వెళ్ళనీ. ఫిర్యాదులు రాయడం నాకూ వచ్చు.

గాజుల మేడమ్

నా కాగితం మీది మాటను పట్టించుకోకుండా ఆర్మరీ నుంచి నన్ను రేంజికి పంపింది ఒక మంచి అధికారి. ఆయన మూడు నెలలే ఉన్నాడు. మంచివాళ్ళు అలాగే ఉంటారు, మూడు నెలలు.

రేంజికి వచ్చేసరికి నాకో ఉపాయం ఉంది. అరకు సంతలో లచ్చమ్మ అనే గాజులామె ఉండేది. మనిషి మొహం చూడదు. చెయ్యి పట్టుకుని కణుపులు ఒకసారి నొక్కి, "రెండున్నాలుగు" అనో, "రెండున్నారు" అనో గాజు సైజు చెప్పేస్తుంది. ఎప్పుడూ తప్పదు. నేను ఒక సంతలో పూటంతా ఆమె పక్కన కూర్చుని చూశాను. గాజు సైజు తెలిస్తే అరచెయ్యి తెలిసినట్టే కదా, అరచెయ్యి తెలిస్తే పిడి తెలిసినట్టే కదా అనుకున్నాను.

అప్పటినుంచి రేంజికి వచ్చిన ప్రతి అమ్మాయినీ ముందు గాజు సైజు అడిగేదాన్ని. రెండున్రెండైతే సన్న పిడి. రెండున్నారైతే లావు పిడి. పదిమందిలో తొమ్మిదిమందికి సరిపోయేది. మగవాళ్ళు నాకు 'గాజుల మేడమ్' అని పేరు పెట్టారు. ఎవరు మొదలుపెట్టారో కనుక్కున్నాను. కానీ పేరు మాత్రం ఉండనిచ్చాను, ఎందుకంటే నా దగ్గర నేర్చుకున్న అమ్మాయిలు గురి తప్పడం మానేశారు. ఆ లెక్క మీద నాకు గర్వముండేది. గర్వం ఎక్కడ దెబ్బ తీస్తుందో ఇప్పుడు చెప్తాను.

బుద్రి

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు బుద్రి వచ్చింది. బొర్రా దాటాక తారురోడ్డు దిగి, కొండ మీదికి గంట నడిస్తే ఆమె ఊరు. కాఫీ రైతుల సంఘానికి అధ్యక్షురాలు. నలభై దాటిన మనిషి, నా భుజం దాకా వస్తుంది. నా భుజం దాకా వచ్చేవాళ్ళు తక్కువ కాబట్టి చూడగానే నచ్చింది.

సంగతేమిటంటే, సంఘం గోదాములో కాఫీ బస్తాల మధ్య ఎవరో గంజాయి మూటలు పెట్టి దాటిస్తున్నారు. బుద్రి అది చూసి పోలీసులకు చెప్పింది. కోర్టులో నిలబడి ఇద్దరి పేర్లు చెప్పింది. వాళ్ళు బెయిలు మీద బయటకు వచ్చి, దారిలో కనబడితే ఊరుకునేది లేదని కబురు పెట్టారు. ఆమెకు ఒక కానిస్టేబుల్‌ని తోడిచ్చారు. ఆ తోడు నెలాఖరు దాకానే. తరవాత కొండ దిగాలన్నా ఎక్కాలన్నా ఆమె ఒక్కతే. దిగడం మానేస్తే సంఘం వాళ్ళ చేతికి పోతుంది. వాళ్ళకు కావలసింది అదే. ఆమె లైసెన్సు ఫైలు అంతా పూర్తయింది. నా శిక్షణ కాగితం ఒక్కటే మిగిలింది.

రిజిస్టరులో సంతకం పెట్టమంటే సంతకం పెట్టి, భుజాన ఉన్న సంచిలోంచి సంఘం ముద్ర తీసి టక్కున కొట్టింది.

"ముద్ర అక్కర్లేదమ్మా," అన్నాను.

"ముద్ర నేకపోతే ఏ కాయితమూ కదలదు మేడమ్. నాకు తెల్సు," అంది.

అప్పటికే ఆమె పట్నంలో తుపాకుల దుకాణానికి వెళ్ళి వచ్చింది. దుకాణందారు అరచేతిలో పట్టేంత తేలిక రివాల్వరు చూపించి, "ఆడోళ్ళకి ఇదే బాగుంటాదమ్మా, పర్సులో పడిపోతాది" అన్నాడట. ఆ దుకాణందారు నాకు తెలుసు. ఒకసారి తనిఖీకి వెళ్తే నన్ను చూసి, "సారు రానేదా?" అని నా వెనక ఎవరున్నారో వెతికాడు. ఆయన చిన్నదన్నాడు కాబట్టి నేను పెద్దది ఇద్దామని నిశ్చయించుకున్నాను. ఈ మాట ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆ రోజు ఒప్పుకోలేదు.

"గాజు సైజెంత?"

"రెండున్నారు మేడమ్."

ఇంకేం, లావు పిడి రివాల్వరు చేతిలో పెట్టాను. ఏడు గజాల దూరంలో మనిషి బొమ్మ. మొదటి ఆరు గుళ్ళు బొమ్మకు తగల్లేదు. రెండో ఆరులో ఒకటి మోచేతికి తగిలింది. ఆమె మధ్యలో ఏదో అంటోంది. చెవులకు మూతలున్నాయి. నేను వాటిని తీయలేదు. "ముందు కాల్చు, తరవాత మాట్లాడు" అన్నాను. మూడో విడత చెయ్యి ముందే ముడుచుకోవడం కనిపించింది. ఇరవయ్యేళ్ళుగా చూస్తున్న దృశ్యమే. బల్ల దగ్గరకు వచ్చి, పెన్ను తీసి, ఆమె కాగితం మీద రాసేశాను: "బెదురు."

రాశాక చెవి మూతలు తీశాను. బుద్రి పక్కకు వచ్చి నిలబడి, వయోజన తరగతిలో నేర్చుకున్న చదువుతో, అక్షరం మీద వేలు పెట్టి చదివింది.

"బె... దు... రు." తలెత్తి నా మొహంలోకి చూసింది. "బెదురేటి మేడమ్? బెదురుంటే ఆలిద్దరి పేర్లు కోర్టులో సెప్పుదునా? నాకు ఏలు అందతన్నేదు. ఇందాకట్నించి అదే సెప్తన్నాను. మీరు ఇనుకుంటేగా!"

నా బల్ల మీద నా చేతిరాతతో సన్యాసిరావు మాట ఉంది.

"చెయ్యి ఇలా ఇవ్వు" అన్నాను. నా అరచేతికి ఆమె అరచెయ్యి ఆనించి చూశాను. పోడు తవ్వి, రోకలి పట్టి, ఆమె అరచెయ్యి వెడల్పుగా, ఎముకలు గట్టిపడి ఉంది. నాది అందులో మునిగిపోతుంది. కానీ చూపుడువేలు నాకంటే అర గణుపు పొట్టి. గాజు అరచేతిని కొలుస్తుంది. వేలిని కొలవదు. వేలు చూడాలని ఆర్మరీలోనే నేర్చుకున్నదాన్ని, గాజు లెక్క చిక్కాక చూడడం మానేశాను. ఇన్నేళ్ళూ నేను అమ్మాయిలను అడిగిన లెక్కలో అసలు అడగవలసినదే లేదు. ఆ పదిమందిలో మిగిలిపోయిన ఒక్కొక్కరి కాగితం మీదా నేను రాసింది ఈ మాటే.

"ఏటి మేడమ్, సెయ్యి సూసి జాతకం సెప్తారేటి?" అంది బుద్రి.

"చెప్తాను ఉండు," అన్నాను.

దుకాణందారు చెప్పిన తేలిక రివాల్వరు కూడా తెచ్చి కాల్పించాను, న్యాయంగా. వేలు అందింది. కానీ నాలుగో గుండుకి మణికట్టు పట్టుకుని కూర్చుంది. ఆ తరవాత తూటాలు ఒకే వరసలో ఉండి, పిడి బల్లపరుపుగా, సన్నగా ఉండే ఉక్కు పిస్టలు తెచ్చాను. స్లైడు లాగడం నేర్పబోతుంటే ఆమె అప్పటికే లాగేసింది.

"రోకలి కంటే నయమే," అంది.

వేలు ట్రిగ్గరు మీద ఆనింది. గొట్టం, ముంజెయ్యి ఒకే గీత. మొదటి ఎనిమిదిలో ఆరు బొమ్మ ఛాతీలో పడ్డాయి. తరవాతి ఎనిమిదీ అక్కడే. చెయ్యి ముడుచుకోలేదు. బెదురెక్కడికి పోయింది? అసలు ఉంటేగా.

నేను బల్ల దగ్గరకు వెళ్ళి నేను రాసిన మాటను కొట్టేశాను. పక్కన "మొదట ఇచ్చిన తుపాకి పిడి సరిపోలేదు. తప్పు శిక్షకురాలిది" అని రాసి సంతకం పెట్టాను. రేంజి కాగితం మీద అలాంటి మాట అంతకు ముందు ఎవరూ రాసి ఉండరు. పైనుంచి సంజాయిషీ అడిగారు. ఇచ్చాను, నాలుగు పేజీలు. బుద్రికి నెల తిరక్కముందే లైసెన్సు వచ్చింది. నడికట్టులో ఇమిడేలా పిస్టలుకి తోలు ఒర నేనే దగ్గరుండి కుట్టించాను.

తోడు కానిస్టేబుల్ వెళ్ళిపోయిన రెండో వారం కల్వర్టు దగ్గర ఇద్దరు బండి అడ్డం పెట్టారు. కోర్టులో ఆమె పేర్లు చెప్పినవాళ్ళే. ఆమె నెత్తి మీది మూట దించి, నడికట్టులోని పిస్టలు మీద చెయ్యి వేసి, "ఏటర్రా, దారి తప్పినారా?" అందట. వాళ్ళు ఆ చేతి వైపు చూశారు. బండి తిప్పుకుని పోయారు.

"భయమేసిందా?" అని అడిగాను.

"ఎయ్యదేటి మేడమ్? కానీ ఏలు దాని సోటుకి అదే పోయింది."

"ట్రిగ్గరు మీద పెట్టావా?"

"నేదు. పక్కనే ఉంచినాను, మీరు సెప్పినట్టు."

అప్పుడు అన్నం సహించింది నాకు.

ముద్ర

ఇప్పుడు అరకులోనే ఉంటున్నాను. పెరట్లో ఇరవై కాఫీ మొక్కలు, వాటి నీడకు సిల్వరోక్ చెట్లు. ఒంట్లో బాగానే ఉంది. రేంజిలో ఇప్పుడు నా దగ్గర నేర్చుకున్న అమ్మాయే నేర్పుతోంది. ఆ అమ్మాయి గాజు సైజు అడగదు. వేలి పొడవు కొలిచే చెక్క పెట్టుకుంది. ఆ చెక్క నేను చేసిచ్చిందే. అందరికీ ఆ సంగతి చెప్పమన్నాను. చెప్పలేదని తెలిసింది. మాట్లాడాలి.

పోయిన ఏడాది ఒక పెళ్ళిలో సన్యాసిరావు కనిపించాడు. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. వెళ్ళి నమస్కారం పెట్టి, "నేను సార్, సువార్తను. బెదురు అని రాశారు" అన్నాను.

"ఎవురమ్మా నువ్వు? ఏ బేచ్చి?" అన్నాడు. నిజంగానే గుర్తు లేదు. ముప్పై తొమ్మిదేళ్ళు నేను మోసిన మాట ఆయన మోయనే లేదు. దానికే ఎక్కువ కోపం వచ్చింది. లడ్డూ తినకుండా వచ్చేశాను.

నా కాగితం సరిచేయమని అర్జీలు పెడుతూనే ఉన్నాను. చివరకు దాని నకలు ఇచ్చారు. సరిచేయడం కుదరదని, రాసిన అధికారి సర్వీసులో లేరని జవాబు. ఆ నకలు బీరువాలో పెట్టాను.

బుద్రి ప్రతి సంతకీ కొండ దిగుతుంది. సంఘం ఇంకా ఆమె చేతిలోనే ఉంది. గోదాముకి వెళ్ళే ముందు మా ఇంటికి వస్తుంది. కాఫీ తాగి నా కాఫీ బాగోలేదంటుంది. పోయిన వారం మాటల్లో ఆ నకలు సంగతి వచ్చింది.

"ఆ కాయితం ఇలా తెండి," అంది.

తెచ్చి ఇచ్చాను. చదివింది. ఈసారి అక్షరం మీద వేలు పెట్టలేదు, ఒక్క చూపులో చదివేసింది. నా పెన్ను తీసుకుని ఆ మాట మీద అడ్డంగా గీత గీసింది. పక్కన గుండ్రటి అక్షరాలతో, నాలిక బయటపెట్టి, నెమ్మదిగా రాసింది: "పిడి సరిపోలేదు." సంచిలోంచి కాఫీ రైతుల సంఘం ముద్ర తీసి, నోటితో ఆవిరి ఊది, కొట్టింది.

"ఇప్పుడు కదుల్తాది," అంది.

అది ఏ ఆఫీసులోనూ చెల్లదు. నాకు తెలుసు. ముప్పయ్యారేళ్ళు కాగితాల మధ్య బతికిన మనిషిని. దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాను. ముద్ర కొంచెం వంకరగా పడింది.

"వంకరగా ఉంది," అన్నాను. "ఇంకోటి కొట్టు."

"అబ్బబ్బ, మీతో ఏగలేం మేడమ్," అంటూనే ఇంకోటి కొట్టింది. ఈసారి తిన్నగా పడింది.